కంప్యూటరుకీ ఉండాలి కాస్త మర్యాద!

"అబ్బే... నాకు ఈ కంప్యూటర్లూ అవీ రావండీ!"

ఈ మాట వినపడని ఇల్లు ఉండదేమో. పైగా ఆ మాట అనేదెవరు? ఇరవైమందికి వంట చేస్తూ ఏ కూరలో ఉప్పు పడిందో, ఏ కూరలో పడలేదో చీటీ రాసుకోకుండా గుర్తుపెట్టుకునే ఇల్లాలు. పాల లెక్క, చీటీపాట లెక్క, పిల్లల ఫీజు గడువు అన్నీ మనసులోనే వేసుకునే మనిషి. అలాంటావిడ తెర ముందు కూర్చోగానే చెయ్యి తడబడుతుంది. ఏదో నొక్కుతుంది, ఇంకేదో అయిపోతుంది. "చూశారా, నాకు రాదని ముందే చెప్పాను" అంటూ లేచిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నిజమే కాబోలనుకుంటారు.

ఒక కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ కిందపడుతుంటే లోపం ఎవరిదంటాం? నిస్సందేహంగా కుర్చీదే అంటాం. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేరమంతా మన నెత్తిన వేసుకుంటాం. ఇదెక్కడి న్యాయం?

'యూజర్ ఫ్రెండ్లీ' అనే మాట ప్రకటనల్లో చూస్తూనే ఉంటాం. వాడేవాళ్లతో స్నేహంగా ఉంటుందని దాని అర్థం. నన్నడిగితే స్నేహం కంటే 'మర్యాద' అన్న మాటే దీనికి బాగా నప్పుతుంది. మన ఇంటికి ఎవరైనా వస్తే ఏం చేస్తాం? కాళ్లు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయో చూపిస్తాం. కాఫీ ఆలస్యమైతే "ఇదిగో, డికాషన్ దిగుతోంది" అని చెబుతాం. చేతిలోంచి గ్లాసు జారితే "ఫర్వాలేదండీ" అంటాం. మొన్న వచ్చినప్పుడు ఉన్న గుమ్మాన్ని ఈసారి వచ్చేసరికి గోడగా మార్చెయ్యం. వాళ్లకు అర్థమయ్యే భాషలో మాట్లాడతాం.

కంప్యూటరుకు ఉండాల్సినవీ సరిగ్గా ఈ అయిదు మర్యాదలే. ఇవి ఉంటే అది యూజర్ ఫ్రెండ్లీ. లేకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా కాదు.

తాళాలగుత్తి ఎవరి దగ్గరుంది?

కంప్యూటరులో మనతో వ్యవహరించేది ఆ పెట్టె కాదు, అందులో ఉండే 'ఆపరేటింగ్ సిస్టమ్' అనే ప్రోగ్రామ్. పెళ్లివారింట్లో కొట్టుగది తాళాలు బొడ్లో దోపుకుని తిరిగే పెద్దావిడ ఒకరుంటారు చూడండి, అలాంటిదన్నమాట. వంటవాళ్లకు నెయ్యి కావాలన్నా, పందిరివాళ్లకు తాడు కావాలన్నా ఆవిడనే అడగాలి. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి పని ముందో ఆవిడే తేలుస్తుంది. ఉత్తరం రాసే ప్రోగ్రామ్, పాట వినిపించే ప్రోగ్రామ్, ప్రింటరు... వీటన్నిటికీ చోటూ, సమయం పంచి ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమే. మనం నొక్కిందీ, అడిగిందీ ముందు దాని చెవినే పడుతుంది.

బల్లమీది కంప్యూటర్లలో విండోస్, మ్యాక్ ఓఎస్, లినక్స్... సెల్‌ఫోన్లలో ఆండ్రాయిడ్, ఐఓఎస్... ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌లే. అంటే మన చేతిలో ఉన్న ఫోను కూడా కంప్యూటరేనన్నమాట. కాబట్టి ఈ గొడవ ఆఫీసులకు వెళ్లేవాళ్లది మాత్రమే అనుకోకండి.

మొదటి మర్యాద: ఏం ఉందో చూపించడం

పాత 'డాస్' రోజులు కొందరికైనా గుర్తుండే ఉంటాయి. నల్లటి తెర. ఎడమపక్కన 'సి' అనే అక్షరం, దాని పక్కన మిణుకుమిణుకుమనే గీత. అంతే! ఏం చెయ్యవచ్చో, ఎలా చెయ్యాలో ఒక్క ముక్క చెప్పదు. ఫైళ్ల పట్టిక కావాలంటే 'డిర్' అని, తుడిపెయ్యాలంటే 'డెల్' అని మనమే గుర్తుపెట్టుకుని కొట్టాలి. ఒక్క అక్షరం తప్పితే 'బ్యాడ్ కమాండ్' అని కసురుకునేది. ఫైలు పేరు 8 అక్షరాలు దాటకూడదు. 'శ్రావణం ఖర్చులు' అని పేరు పెట్టుకోవాలంటే ఎస్, ఆర్, వి, ఎన్, కె, ఆర్, సి, హెచ్ అని కుదించాలి. ఆర్నెల్ల తర్వాత అదేమిటో బ్రహ్మదేవుడికైనా తెలుస్తుందా?

పాత కిరాణాకొట్లో బల్లకు ఇవతల నిలబడి పేరు చెబితేనే సరుకు చేతికొచ్చేది. అదే సూపర్‌బజార్లో అరల మధ్య నడుస్తుంటే "అరె, ఇంగువ అయిపోయింది కదూ!" అని చూడగానే తడుతుంది. గుర్తుతెచ్చుకోవడం కష్టం, చూసి గుర్తుపట్టడం తేలిక. ఈ చిన్న సత్యాన్ని కంప్యూటర్లలోకి తేవడానికి చాలామందికి చాలా ఏళ్లు పట్టింది.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో 'మౌస్'ను పదిమందికీ చూపించాడు. అంతకు ముందు తయారైన మొట్టమొదటి మౌసు చెక్కతో చేసింది! తర్వాత జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలో పెట్టిన పరిశోధన కేంద్రం ఆ దారిలో చాలా దూరం వెళ్లింది. జిరాక్స్ అంటే మనకు నకళ్లు తీసే యంత్రమే గుర్తొస్తుంది గానీ, తెరమీద కిటికీల్లాంటి చట్రాలు, బొమ్మలు, వాటిని చూపించి నొక్కే పద్ధతి... వీటిలో చాలా భాగం రూపుదిద్దుకున్నది అక్కడే.

అక్కడ ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 1970ల మధ్యలో ఒక పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ కోసం రాతపని ప్రోగ్రామ్ చెయ్యాల్సి వచ్చింది. ముందు ఆ సంస్థ ఎడిటర్లు ఎలా పనిచేస్తారో చూశారు. వాళ్లు కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కావలసినచోట జిగురుతో అంటిస్తున్నారు. దాన్నే తెరమీదికి తెచ్చారు. ఈనాడు మనం ఫోన్లో వాడే 'కట్', 'పేస్ట్' అలా వచ్చినవే. మనిషి చేసే పనిని యంత్రం నేర్చుకోవాలి గానీ, యంత్రం కోసం మనిషి పద్ధతి మార్చుకోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

1979 డిసెంబర్లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ తన బృందంతో ఇదంతా చూడటానికి ఆ కేంద్రానికి వచ్చాడు. అక్కడి శాస్త్రవేత్త అడెల్ గోల్డ్‌బర్గ్ ససేమిరా చూపించనన్నారు. ఇన్నాళ్ల కష్టాన్ని అప్పనంగా ఇచ్చేసినట్టేనని ఆవిడ వాదన. పైవాళ్లు ఆదేశించాక గానీ చూపించలేదు. ఆవిడ భయం నిజమే అయింది. 1984 జనవరిలో ఆపిల్ 'మ్యాకింతోష్' వచ్చి, బొమ్మల కంప్యూటరంటే అదే అన్నంత పేరు తెచ్చుకుంది.

ఆ బొమ్మలు గీసిందీ ఒక స్త్రీయే. పేరు సూసన్ కేర్. చదివింది లలితకళలు. గళ్ల కాగితాల పుస్తకం కొనుక్కుని, అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు, మొత్తం 1024 గళ్లలో ఏవి నలుపు చెయ్యాలో, ఏవి తెలుపు ఉంచాలో చూసుకుంటూ ఒక్కో బొమ్మా కూర్చారు. చెత్తబుట్ట, నవ్వుతున్న కంప్యూటరు... ఇలా. సూదిపని, మొజాయిక్ పని అంతకుముందే చేసిన అనుభవం ఉందనీ, ఇదీ అలాంటిదేననీ ఆవిడ తర్వాత చెప్పారు. నిజమే! చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే చేతికి ఇదేమంత కొత్త విద్య? 1990లో విండోస్ 3.0తో వచ్చిన 'సాలిటేర్' పేకముక్కల బొమ్మలు కూడా ఆవిడ గీసినవే.

మరి ఇప్పుడేమైంది? ఫోన్లు సన్నబడే కొద్దీ మీటలు మాయమైపోతున్నాయి. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌లో కింద ఉండే గుండ్రటి మీట తీసేశారు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక 'వెనక్కి' అనే మీట కూడా చాలా ఫోన్లలో పోయి, తెర అంచునుంచి లోపలికి వేలితో తోయడం వచ్చింది. చూడ్డానికి అందమే. కానీ తోయాలని తెరమీద ఎక్కడైనా రాసి ఉందా? లేదు. ఎవరో చెప్పాలి, మనం గుర్తుపెట్టుకోవాలి. అంటే ఆ నల్లతెర రోజులే వేషం మార్చుకుని మళ్లీ వచ్చాయన్నమాట! పెద్దవాళ్లు కొత్త ఫోను చేతికి రాగానే బెంబేలెత్తిపోతున్నారంటే పొరపాటు వాళ్ల వయసుది కాదు.

రెండో మర్యాద: ఏం జరుగుతోందో చెప్పడం

లోపలికి వెళ్లిన మనిషి పది నిమిషాలైనా బయటికి రాకపోతే బయట కూర్చున్నవాళ్లకు ఎలా ఉంటుంది? కంప్యూటరు పలకకపోయినా అలాగే ఉంటుంది. నొక్కాం... ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాం. మరోసారి నొక్కాం. తీరా చూస్తే ప్రింటరులోంచి ఒకే కాగితం మూడు కాపీలు! ఇది మన తొందరపాటు కాదు, దాని మౌనం.

ఇందుకు కొన్ని కొలతలు కూడా ఉన్నాయి. వాడేవాళ్ల సౌకర్యం మీద ఏళ్లతరబడి పనిచేసిన జేకబ్ నీల్సన్ 1993లో వాటిని వివరంగా రాశాడు. నొక్కిన సెకనులో పదోవంతుకల్లా జవాబొస్తే వెంటనే అయినట్టు అనిపిస్తుంది. ఒక సెకను దాకా ఆలస్యమైనా ఆలోచన తెగిపోదు. 10 సెకన్లు దాటితే మాత్రం మనసు వేరే పనిమీదికి పోతుంది. అందుకే అంతసేపు పట్టే పనికి 'ఇంత అయింది, ఇంకా ఇంత ఉంది' అని చూపించే గీత ఉండాలి. కాఫీ ఆలస్యమైతే డికాషన్ దిగుతోందని చెప్పడం లాంటిదే ఇదీను.

ఏదెక్కడుందో చెప్పడం కూడా ఇందులోదే. 1995లో వచ్చిన 'విండోస్ 95' తయారుచేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ కంపెనీ 560 మందిని విడతలవారీగా పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, పని చెప్పి, ఎక్కడ తడబడుతున్నారో గమనించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక కిటికీ వెనక ఇంకో కిటికీ దాక్కుంటే, అది పోయిందనే అనుకున్నారు. చేసిన పనంతా పోయిందని కంగారుపడి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. తెర అడుగున తెరిచి ఉన్నవాటన్నిటి పేర్లూ కనిపించే పట్టీ, అదే 'టాస్క్‌బార్', ఆ ఇబ్బందికి దొరికిన మందే. ప్రోగ్రాములు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెతుక్కున్నవాళ్ల కోసం 'స్టార్ట్' అనే మీట పెట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ 560 మందిలో ఎంతమంది "నాకు రాదు" అనుకుని సిగ్గుపడి ఉంటారో! కానీ అక్కడ కూర్చుని రాసుకుంటున్నవాళ్లు "వీళ్లకు రాదు" అని రాసుకోలేదు. "మనం సరిగ్గా చెయ్యలేదు" అని రాసుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

మూడో మర్యాద: తిట్టకపోవడం, పోయింది తిరిగి ఇవ్వడం

విండోస్ 95లోనే ఇంకో ముచ్చట ఉంది. ప్రోగ్రామ్ ఏదైనా చెడిపోయి ఆగిపోతే 'ఇల్లీగల్ ఆపరేషన్' జరిగిందని తెరమీద రాసి వచ్చేది. అంటే చట్టవిరుద్ధమైన పని! తప్పు ప్రోగ్రాముది, చదివేది మనం. ఏ నేరం చేశామో, ఎవరొచ్చి పట్టుకుపోతారో అని హడలిపోవాల్సిందే కదా!

మంచి ఆపరేటింగ్ సిస్టమ్ అలా బెదిరించదు. మూడు మాటలు చెబుతుంది. ఏమైంది? ఏది భద్రంగా ఉంది? ఇప్పుడు నువ్వేం చెయ్యాలి? 'ఇంటర్నెట్ అందడం లేదు. మీరు రాసింది భద్రంగా ఉంది. మళ్లీ ప్రయత్నించండి' అంటే చాలదూ? ఏదో అంకె వేసి 'ఎర్రర్' అని ఊరుకుంటే ఆ అంకెను మనమేం చేసుకుంటాం?

డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో రోజూ వాడే వస్తువుల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో నాలుగు బర్నర్ల పొయ్యి సంగతి ఉంది. పొయ్యిమీద బర్నర్లు చదరంగా రెండు వరసల్లో ఉంటాయి. మీటలేమో ముందువైపు ఒకే వరసలో ఉంటాయి. ఏ మీట దేనిదో చూసి చెప్పడం ఎవరి తరం? పాలగిన్నె కింద ఆపబోయి పప్పు కింద ఆపుతాం. మీటల్ని కూడా బర్నర్ల వరసలోనే అమరిస్తే చీటీలు అంటించుకోనక్కర్లేదు. మనుషుల పొరపాటు అని మనం అనుకునేదాంట్లో చాలావరకు వస్తువును చేసినవాళ్ల పొరపాటేనని ఆయన చెప్పేది. వంటింట్లో నిలబడిన ఎవరికైనా ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఎంత బాగా చేసినా మనిషన్నాక చెయ్యి జారుతుంది. అప్పుడు ఆదుకునేది 'అన్‌డూ'. మాడిన తిరగమోతను వెనక్కి తీసుకోలేం గానీ, కంప్యూటరులో చేసినదాన్ని తీసుకోవచ్చు! 'కంట్రోల్' మీటతోపాటు 'జెడ్' నొక్కితే చివరగా చేసిన పని రద్దయిపోతుంది. తీసేసిన ఫైలు నేరుగా పోకుండా చెత్తబుట్టలో ఆగుతుంది. ఐఫోన్లో తీసేసిన ఫొటో కూడా 30 రోజుల దాకా వేరే చోట ఉంటుంది. ఈ సదుపాయం ఉందని తెలిస్తే భయం సగం పోతుంది. భయం పోతేనే చెయ్యి నాలుగు మీటలు నొక్కి చూస్తుంది. నొక్కి చూస్తేనే విద్య వస్తుంది.

ఒకప్పుడు చెయ్యి జారితే ఏమయ్యేదో తెలుసా? జిరాక్స్ కేంద్రంలోనే 'బ్రావో' అనే రాతపని ప్రోగ్రామ్ ఉండేది. అందులో ఒకే మీట ఒక సమయంలో అక్షరం, మరో సమయంలో ఆజ్ఞ. దిద్దడమనే అర్థమొచ్చే 'ఎడిట్' అన్న మాటను ఆజ్ఞల సమయంలో కొడితే ఏమవుతుంది? 'ఇ' అంటే అంతా ఎంచుకో, 'డి' అంటే తీసెయ్, 'ఐ' అంటే కొత్తది చేర్చు, చివరికి 'టి' అనే అక్షరం. అంటే రాసిందంతా పోయి, 'టి' ఒక్కటే మిగులుతుంది! ఇలాంటివంటే ల్యారీ టెస్లర్‌కు ఎంత మంటంటే, ఇలా ఒకే మీటకు రెండు అర్థాలుండే 'మోడ్'లు వద్దంటూ 'నో మోడ్స్' అని కారు నంబరుప్లేటు మీదే రాయించుకున్నాడు. 2020లో ఆయన పోయాడు. కట్, పేస్ట్ వాడే ప్రతివాళ్లూ ఆయనకు రుణపడి ఉన్నట్టే.

నాలుగో మర్యాద: గుమ్మాన్ని గోడ చెయ్యకపోవడం

ఉప్పుడబ్బా ఎప్పుడూ ఉండే చోట లేకపోతే మనకెంత చిరాకు! చీకట్లో కూడా చెయ్యి అక్కడికే పోతుంది మరి. అలవాటనేది మనం కూడబెట్టుకున్న ఆస్తి. దాన్ని కంపెనీలు ఇష్టమొచ్చినట్టు లాగేసుకోకూడదు.

2012లో వచ్చిన 'విండోస్ 8'లో అదే జరిగింది. పదిహేడేళ్లుగా ఎడమవైపు అడుగున ఉన్న 'స్టార్ట్' మీటను తీసేసి, తెరనిండా రంగురంగుల పలకలు పెట్టారు. వేలితో తాకే తెరలకు అది బాగుండవచ్చు. మౌసుతో పనిచేసుకునే కోట్లమందికి మాత్రం ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మం గోడైపోయినట్టయింది. జనం గోలపెట్టారు. 2013లో విండోస్ 8.1తో మీట తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో దాని పాత పట్టిక కూడా వచ్చేసింది. చూశారా, అడిగితే మారుతుంది! 2021లో విండోస్ 11తో ఆ మీట ఎడమనుంచి మధ్యలోకి జరిగింది. ఈసారి మాత్రం కావలసినవాళ్లు సెట్టింగ్స్‌లో పాతచోటికి మార్చుకునే వీలుంచారు. అదీ మర్యాదంటే.

అలవాటును వాడుకుని మోసపుచ్చడం ఇంకా అన్యాయం. అడ్డగీతల గుర్తు నొక్కితే 'వద్దు, మూసెయ్' అనే కదా ఎన్నో ఏళ్లుగా అర్థం? 2016లో విండోస్ 10కి మారమని అడిగే చీటీ తెరమీదికొచ్చేది. వద్దనుకుని ఆ గుర్తు నొక్కినవాళ్లకు కూడా మార్పు ముహూర్తం ఖరారైపోయేది! విమర్శలు వచ్చాక కంపెనీ ఆ పద్ధతి మార్చుకుంది. 'వద్దు' అన్నదాన్ని 'సరే'గా తీసుకునేవాళ్లను మనం ఏమంటామో వేరే చెప్పాలా?

అయిదో మర్యాద: మన మాటలో మాట్లాడటం

యూనికోడ్ అనే ప్రపంచ అక్షరాల పట్టికలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా చాలాకాలం ఒక్కో తెలుగు ఫాంటుదీ ఒక్కో దారి. ఒకచోట టైపు చేసింది ఇంకోచోట తెరిస్తే గజిబిజి గుర్తులే! 2001లో విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' అనే ఫాంటుతో వచ్చాక, విండోస్ వాడేవాళ్లకు విడిగా ఏమీ కొనకుండానే తెలుగు చదవడం, రాయడం వీలైంది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం తెచ్చింది. టైపు చెయ్యడం రాని పెద్దమ్మలు సైతం ఇప్పుడు ఎంచక్కా ఫోనుతో మాట్లాడి కబుర్లు పంపుతున్నారు.

అలాగని అంతా బాగుందనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. 'జ్ఞా' అనే మన అక్షరాన్ని ఒకానొక తీరులో కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజీల ప్రోగ్రామ్ కుప్పకూలిపోయేది. పాపం, జ్ఞానం భరించలేకపోయింది! ఆపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసిందనుకోండి. కానీ ఇందులో గ్రహించాల్సింది ఒకటుంది. కోట్లమంది మాట్లాడే భాష అయినా, తయారుచేసినవాళ్ల బల్లమీద ఆ అక్షరాన్ని అన్ని తీరుల్లో పెట్టి చూసినవాళ్లు లేరన్నమాట.

భాష అంటే అక్షరాలు ఒక్కటే కాదు. ఫైలును 'దస్త్రం' అన్నంత మాత్రాన తెలుగు అయిపోదు. ఇంట్లో, బజారులో మనం 'ఫైలు', 'సేవ్' అనే అంటున్నాం. ఎవరూ అనని మాటలు పెడితే తెలుగులోకి మార్చుకున్నవాళ్లు కూడా తిరిగి ఇంగ్లీషుకే పోతారు. కంప్యూటరు ఆపాలంటే 'స్టార్ట్' నొక్కాలనే వింత ఇంగ్లీషువాళ్లనే నవ్వించింది. అనువాదంలో ఇలాంటి వింతలు ఇంకెన్ని దూరతాయో ఊహించుకోండి.

ఇదంతా ఎందుకింత పట్టించుకోవాలంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల్లో సుమారు 49 శాతం, స్త్రీలలో 21 శాతమే. తెలంగాణలో పురుషుల్లో సుమారు 57 శాతం, స్త్రీలలో 26 శాతం చిల్లర. డబ్బు లేక, సొంత ఫోను లేక, ఇంట్లో ఒప్పుకోక... కారణాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ దాటుకుని ఫోను చేతికొచ్చిన ఆడమనిషి కూడా తెర కసురుకుందని వెనక్కి తగ్గితే? బ్యాంకు పనీ, బస్సు టికెట్టూ, పింఛను కబురూ అన్నీ ఆ తెరలోంచే వస్తున్న ఈ రోజుల్లో "నాకు రాదు" అనడమంటే ప్రతి పనికీ ఇంకొకరి చెయ్యి చూడటమే. తన డబ్బు లెక్క తను చూసుకోలేకపోవడమే.

ఇంట్లో ఇలా చేసి చూడండి

* ఫోను కొనగానే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి. భాష తెలుగుకు మార్చి వారం రోజులు వాడి చూడండి. నచ్చకపోతే తిరిగి మార్చుకోవచ్చు.

* ఆండ్రాయిడ్ ఫోన్లలో వేలితో తోసే పద్ధతి ఇబ్బందిగా ఉంటే, నావిగేషన్ అనేచోట మూడు మీటల పద్ధతి ఎంచుకునే వీలు చాలావాటిలో ఉంది. 'వెనక్కి' మీట తిరిగొస్తుంది.

* పెద్దవాళ్ల ఫోనులో మొదటి తెరమీద రోజూ వాడే అయిదారు బొమ్మలే ఉంచండి. ఒకసారి సర్దాక వాటి చోటు మార్చకండి.

* నేర్పేటప్పుడు ఫోను లాక్కోకండి. వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించండి. మొదటి పాఠం వెనక్కి రావడం, రద్దు చెయ్యడం కావాలి. ముందుకెళ్లడం తర్వాత నేర్పవచ్చు.

* ఫోను నచ్చిందా లేదా అని అడగకండి. "ఈ ఫొటో అక్కయ్యకు పంపు" అని చెప్పి అయిదు నిమిషాలు నోరు మెదపకుండా చూడండి. ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడే దాని లోపం ఉంది.

తడబడ్డ చోటు చెప్పండి!

ఈ కాలంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కొడుకో, కూతురో, మేనల్లుడో లేని చుట్టరికం మన తెలుగువాళ్లలో అరుదు. రేపటి ఫోనులో ఏ మీట ఎక్కడుండాలో తేల్చేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. పండక్కి వాళ్లు ఇంటికొచ్చినప్పుడు "అమ్మకు రాదులే" అని చేతిలోంచి లాక్కుని చేసిపెడుతుంటే వద్దనండి. "నేనిక్కడ ఆగిపోయాను. ఎందుకు ఆగానో నువ్వే చూడు" అని పక్కన కూర్చోబెట్టుకోండి. అప్పుడెప్పుడో 560 మంది తడబడితే ఆ తడబాటులోంచే టాస్క్‌బార్ పుట్టింది. మన తడబాటు ఎవరూ రాసుకోకపోబట్టే ఇంకా తడబడుతున్నాం. చెబితే కదా రాసుకుంటారు!